వెనక లేచిన దుమ్ము

దామలచెరువు మండీలు దాటినాక
కనుమ దగ్గర బస్సు ఆపినారు.
పద్దెనిమిది మందిమి,
పల్ప్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లం.
నెత్తిన కంపెనీ టోపీలు,
చేతిలో పులిహోర పొట్లాలు,
మెడలో మా పేర్లు.

బెంగళూరు నుంచి వచ్చిన ట్రైనర్ సారు
బండ ఎక్కి చెయ్యి చాపినాడు:
"ఇక్కడే. పదిహేడువందల నలభై.
ఆర్కాటు నవాబు ఈ దారి మూసి కూర్చున్నాడు.
మరాఠాలు ఈ దారిలో రాలేదు."

ఎండిన బోద గడ్డి, సీతాఫలం పొదలు,
ఎవరివో మేకలు.
కత్తి ముక్క కాదు కదా
రాతి మీద గీత కూడా లేదు.
అంతమంది చచ్చిన చోటు
ఇంత మామూలుగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

"బువ్వ ఇక్కడేనా, కాణిపాకం పొయ్యాకనా?"
మునిరత్నం గొణిగినాడు.

సారు చార్టు పరిచినాడు.
గాలికి ఎగరకుండా
నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టినాం.
నవాబు ఎర్ర బాణం, శత్రువు పచ్చ బాణం.
మొదటి పాఠం: బలమున్న చోటే చూపు నిలపొద్దు.
రాసుకున్నా.
రాసుకోవడం నాకు బాగా వచ్చు,
అందుకే సూపర్‌వైజర్నయినా.

"వెనక దుమ్ము లేచింది.
కొడుకు సాయానికి వస్తున్నాడనుకున్నాడట నవాబు"
అని సారు కొంచెంసేపు ఆగినాడు,
చప్పట్లకు చోటిచ్చినట్టు.

నా పెన్ను కూడా ఆగింది.

కొడుకు గుర్రం లేపినా
పగవాడి గుర్రం లేపినా
దుమ్ముది ఒకటే రంగు.
కానీ ఎవడో ఒకడు ఉండే ఉంటాడు,
గుర్రాలకు గడ్డి వేసేవాడు,
తోలుతిత్తిలో నీళ్ళు మోసేవాడు,
డెక్కల చప్పుడు ఎరిగినవాడు.
"దొరా, అది మనోళ్ళ దుమ్ము కాదు"
అనే ఉంటాడు.

చరిత్రలో వాడు లేడు.
ఇప్పుడే, ఈ ఎండలో, నేను పుట్టించినా.
"నీ పని నువ్వు చూడు" అని
వాడి నోరు మూసినోణ్ణి కూడా నేనే పుట్టించినా.

కాదు.
ఆ మాట పుట్టించింది కాదు.
అది నాదే.

జూన్ నెల, రాత్రి షిఫ్టు.
గేటు బయట తోతాపురి లారీలు
రెండు మైళ్ళ వరస.
మూడో కుక్కరు దగ్గర కుప్పమ్మ అనింది:
"మేడం, ఆవిరి కూత మారింది.
రోజూ ఇట్లా అరవదు."
నేను కుక్కరు వైపు తిరగలేదు.
గోడ మీది మీటరు చూసినా.
ముల్లు పచ్చలోనే ఉంది.
"నీ పని నువ్వు చూడు కుప్పమ్మా."

ముల్లు పచ్చలోనే ఉంది.
రిపోర్టులో అదే రాసినా.
రికార్డు టన్నులకని
అదే నెల నాకు మెచ్చుకోలు కాగితం వచ్చింది.
కుప్పమ్మ ఎడమ చెయ్యి
మోచేతి దాకా
పిండేసిన తొక్క మాదిరి అయింది.

"ఇప్పుడు రోల్‌ప్లే! నవాబు ఎవరు?"
అందరూ నవ్వి నన్ను ముందుకు తోసినారు.
అట్ట కిరీటం, నా తలకు వదులు.
"మేడం, వెనక దుమ్ము. ఏం చేస్తారు?"
జవాబులు కాగితంలోనే ఉన్నాయి,
ఎ, బి, సి.

తిరిగి చూసినా.
నిజంగానే దుమ్ము.
మేకలు దిగుతున్నాయి, వాటి వెనక ఒకామె,
నెత్తిన తుండుగుడ్డ, చేతిలో దోటి.
కిరీటం తీయడం మరిచిపోయి అడిగినా:
"అక్కా, ఈ కొండకు ఇంగో దారి ఉందా?"

"నన్నా అడిగేది?"
సారును చూసింది, చార్టును చూసింది,
దోటితో చూపించింది,
ఏ బాణమూ లేని వైపు.
"అదో, ఆ సందు. వానొస్తే అట్లే దిగుతాయి ఇవి.
వీటన్నిటికీ తెలుసు."

సారు గడియారం చూసుకున్నాడు.
మునిరత్నం నా ఫోటో తీసినాడు.

తిరుగు బస్సులో ఫోను తీసినా.
ఆమె నంబరు నా దగ్గర
'కుక్కరు మూడు' అనే పేరుతో ఉంది.
పేరు మార్చి
ఫోను చేసినా.
ఏమని మొదలుపెట్టాల?
చెయ్యి ఎట్లుంది అనా,
ఆ రాత్రి కూత ఎట్లా మారింది అనా?
పాకాల దాటేదాకా మోగింది.
ఎత్తలేదు.

మళ్ళీ చేసినా.